జీవనోపాధియైన పని

మన తుగ్గలి ప్రాంతపు ఎఱ్ఱనేలలలో తొలకరి వాన ఒకటి చక్కగా కురిసినయెడల పదును నాలుగు దినములు నిలుచుటయే గొప్ప. బుడ్డలు విత్తువాడు ఆ నాలుగు దినములలోనే విత్తవలెను. తప్పినయెడల మరల వాన ఎన్నడో ఎవరు చెప్పగలరు? ఆ నడుమ ఆదివారము వచ్చినదా, ఆలయములో వెనుక చాపలు ఖాళీగా నుండును. ఇది సేద్యగాండ్ర సంఘములన్నిటను ఏటేట జరుగు సంగతియే.

అట్టి యొక పెంతెకొస్తు ఆదివారమున నేను విన్న ప్రసంగము ఈ వ్యాసమునకు కారణము. బోధకుడు లేవీయకాండము 23వ అధ్యాయము తెరచి, పండుగలలో పని చేయకూడదను మాటలను వరుసగా చదివి, పెంతెకొస్తును గూర్చిన 21వ వచనముతో గ్రంథము మూసెను. అటుపిమ్మట సంఖ్యాకాండము 15వ అధ్యాయములో విశ్రాంతి దినమున కట్టెలేరి రాళ్లతో కొట్టబడినవాని కథ చెప్పి, ఆ ఉదయము చేనిలో నున్నవారందరు వాని వరుసలోనివారే యని తీర్మానించెను. ఆరాధన ముగిసిన వెంటనే కూలికి పోవలసిన ఒక విధవరాలు వెనుక కూర్చుండి యుండెను. ఆమె తలవంచుకొని నడుమనే లేచిపోయెను. ఆమెను కూలికి పిలిచిన ఆసామి ముందు కుర్చీలో నుండెను. ఆయన కదలలేదు. ప్రసంగము తనకు తగులలేదు గనుక కదలవలసిన పనియు లేకపోయెను.

ఆ బోధకుని భక్తిని నేను శంకింపను. ఆయన వాక్యమును చదివిన విధమును మాత్రమే విమర్శించుచున్నాను. ఏలయనగా అదే విధముగా చదువువారు మనలో అనేకులు గలరు.

మొదట గమనింపవలసినది, ఆ అధ్యాయములోని దినములన్నియు ఒక్క తరగతివి కావు. వారమువారము వచ్చు విశ్రాంతి దినమునకును (3వ వచనము), ఏడవ నెల పదియవ దినమైన ప్రాయశ్చిత్త దినమునకును (28, 31) ఏ పనియు కూడదని కట్టడ. అయితే పులియని రొట్టెల పండుగ మొదటి దినము, ఏడవ దినము, పెంతెకొస్తు, బూరల దినము, పర్ణశాలల పండుగ మొదటి దినము, దాని యెనిమిదవ దినము, ఈ ఆరు దినములకు వేరొక మాట వాడబడినది. హెబ్రీలో మొదటి తరగతికి ‘మెలాఖా’ యేదియు కూడదని యున్నది. రెండవ తరగతికి ‘మెలెఖెత్ అవోదా’ కూడదని యున్నది. ఒకే అధ్యాయములో ఒకే చేతితో రెండు మాటలు వేర్వేరుగా వాడబడినప్పుడు అది కాకతాళీయమని కొట్టివేయరాదు. నిర్గమకాండము 12:16 చూచినయెడల తేట తెల్లమగును: పులియని రొట్టెల దినములలో పని మానవలెను గాని, తినుటకు కావలసినది వండుకొనవచ్చునని అక్కడ నున్నది. విశ్రాంతి దినమున నిప్పు రాజేయుటయే నిషిద్ధము (నిర్గమ. 35:3). పండుగనాడు పొయ్యి వెలుగవచ్చును. పులియని రొట్టెల పండుగకు చెప్పిన ఈ సెలవును యూదుల శాస్త్రులు తక్కిన పండుగలకును వర్తింపజేసిరి. అందరికి ఒకే మాట యున్నది గనుక అది న్యాయముగానే తోచుచున్నది.

ఇక మన బోధకుడు చేసినదేమి? విశ్రాంతి దినపు శిక్షను తెచ్చి పండుగ కట్టడకు తగిలించి, ఆ రెంటిని తెచ్చి ఆదివారమునకు కట్టెను. మూడు వేరు ఎద్దులను ఒకే పలుపుతో కట్టినట్లాయెను.

మన తెలుగు బైబిలు తర్జుమాదారులు ఆ రెండు మాటల భేదమును చక్కగా నిలిపిరి. వారికి మనము కృతజ్ఞులమై యుండవలెను. రెండవ మాటకు వారు వాడినది ‘జీవనోపాధియైన పని’ అనునది. అర్థము తప్పు కాదు. ఒకడు దేనివలన బ్రదుకుచున్నాడో ఆ వృత్తి పనిని మానుమని వాక్యపు భావము. అయితే పల్లెవారి చెవిలో ఆ మాట ఎట్లు పడుచున్నదో విచారింపుడి. జీవనోపాధి అనగా కూలివానికి పొట్టకూడే. దేవుని పండుగనాడు పొట్టకూడు సంపాదించుకొనుట పాపమని వాడు వినుచున్నాడు. ధనవంతునికి ఆ మాట తగులదు. ఆయన జీవనోపాధి ఆయన చేతులలో లేదు గదా, ఇతరుల చేతులలో నున్నది.

హెబ్రీలో ‘అవోదా’ అనగా సేవ, చాకిరి. దాసుడను అర్థమిచ్చు ‘ఎబెద్’ అను మాటయు దీనియు ఒకే ధాతువునుండి పుట్టినవి. ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులచేత జిగటమంటిపనియు ఇటుకపనియు చేయించి వారి ప్రాణములను విసికించిన కథలో (నిర్గమ. 1:14) పలుమార్లు వచ్చు మాట ఇదియే. పూర్వపు ఇంగ్లీషు బైబిలు లేవీయకాండములోని ఆ మాటను దాసులు చేయు పని అను అర్థము వచ్చునట్లు తర్జుమా చేసెను. కాబట్టి హెబ్రీ తెలిసినవాడు ఆ కట్టడను వినునప్పుడు ఐగుప్తులోని ఇటుకల కళ్లములు అతని మనస్సునకు వచ్చుటకు వీలుండెను. మన తెలుగు మాట అర్థమును కాపాడి ఈ జ్ఞాపకమును పోగొట్టినది. గుడారములో లేవీయులు చేసిన పరిశుద్ధ సేవకును ‘అవోదా’ అనియే పేరు గనుక ఒక్క ధాతువుమీద మేడ కట్టుట నా ఉద్దేశము కాదు. మాట చూపిన దారిని ద్వితీయోపదేశకాండము స్పష్టముగా చెప్పుచున్నది గనుకనే చెప్పుచున్నాను.

పది ఆజ్ఞలు రెండు చోట్ల వ్రాయబడినవి. నిర్గమకాండము 20లో విశ్రాంతి దినమునకు చెప్పబడిన కారణము సృష్టి. ద్వితీయోపదేశకాండము 5:14, 15లో చెప్పబడిన కారణము ఐగుప్తు దాస్యము. అక్కడ ఆజ్ఞ ఎవరితో మాటలాడుచున్నదో చూడుడి. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంటనున్న పరదేశి కలవానితో మాటలాడుచున్నది. నీవు విశ్రమించినట్లే నీ దాసుడును దాసియు విశ్రమింపవలెనని దాని తాత్పర్యము. దాసునికి నీవు పని మానుమని చెప్పి ప్రయోజనమేమి? మానుట వాని చేతిలో లేదు. చెప్పవలసినవానికే మోషే చెప్పెను. పండుగలనుగూర్చి 16:11, 14 వచనములలోను అంతే: దాసదాసీలును, లేవీయుడును, పరదేశియు, తండ్రిలేనివారును, విధవరాండ్రును ఇంటివానితో కూడ సంతోషింపవలెను.

ఎద్దు పేరుకూడ అందులో నుండుట మన పెద్దలకు వింతగా తోచదు. కర్ణాటక సరిహద్దు నానుకొన్న మన పల్లెలలో సోమవారము ఎద్దుల మెడమీద కాడి పెట్టని ఇండ్లు ఎన్నో యుండెడివి. ఎద్దునకు ఒక దినము విడిచిపెట్టిన ఆసామి జీతగానికి ఏ దినము విడిచిపెట్టెనని అడిగినయెడల జవాబు అంత త్వరగా రాదు.

మనకు దగ్గరలోనే దీనికి సంబంధించిన రాత యొకటి యున్నది. జొన్నగిరికి సమీపమున ఎఱ్ఱగుడి గుండ్లమీద అశోక చక్రవర్తి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున చెక్కించిన శాసనములు గలవు. వాటిలో ఒకటికంటె ఎక్కువ చోట్ల దాసులయెడలను కూలికి పనిచేయువారియెడలను సరియైన నడవడి కలిగియుండుట ధర్మమని చెప్పబడినది. ఆయన మన గ్రంథమును ఎరుగడు. ఆయనయు చెప్పినది కూలివారికి కాదు, కూలివారిని పెట్టుకొన్నవారికే. (ఆ గుండ్ల ప్రక్కనుండియే వాన వెలిసిన మరునాడు జనులు వజ్రములకొరకు నేల చూచుచు పోవుచుందురు. వజ్రము వెదకుట జీవనోపాధియైన పనియా, ఆటయా అని నన్నొకరు అడిగిరి. దొరికినవానికి పని, దొరకనివానికి ఆట అంటిని.)

ఇక యూదుల శాస్త్రుల సంగతి. సువార్తలలో చదివినంత మాత్రమున వారందరు కఠినులని మనము తలంచుచున్నాము. సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా అను వారి గ్రంథములో విశ్రాంతి దినమున కూడని పనులు నలువదికి ఒకటి తక్కువగా లెక్కింపబడినవి. ఆ జాబితాను మన రైతు చదివినయెడల తన సంవత్సరమంతయు అందులో చూచుకొనును: విత్తుట, దున్నుట, కోయుట, పనలు కట్టుట, నూర్చుట, తూర్పారబట్టుట, ఏరుట, విసరుట, జల్లించుట, పిసుకుట, కాల్చుట. విత్తుట ముందును దున్నుట వెనుకను ఏల వచ్చెనని తల్మూదులో ప్రశ్న వేసికొని, ఆ దేశములో విత్తిన పిమ్మట మరల దున్నుట కలదని జవాబు చెప్పుకొనిరి. ఎమ్మిగనూరు మగ్గాలవారు చదివినయెడల రంగు వేయుట, వడుకుట, పడుగు సాగదీయుట, నేయుట, ముడివేయుట, ముడి విప్పుట చూతురు. ఇన్నిటికి ఆధారమేమనగా, నిర్గమకాండములో గుడారపు పనిని గూర్చిన మాటల ప్రక్కనే విశ్రాంతి దినపు ఆజ్ఞ యున్నది గనుక (31, 35 అధ్యాయములు), గుడారమునకు కావలసిన పనులే ఇచ్చట నిషేధింపబడిన పనులని వారు గ్రహించిరి.

ఈ ఆధారము బలమైనదా? వారే సందేహించిరి. విశ్రాంతి దినపు విధులు వెండ్రుకకు వ్రేలాడు కొండలవంటివని, అనగా వాక్యము స్వల్పమనియు విధులు అనేకములనియు, మిష్నాలోనే హగీగా అను భాగములో ఒప్పుకొనిరి. తమ ఆధారము ఎంత సన్ననిదో తామే వ్రాసియుంచుకొన్న ఆ నిజాయితీ మన బోధకులలో ఎందరికి గలదు? శిష్యులు వెన్నులు త్రుంచి చేతులతో నలుపుకొని తినినప్పుడు (లూకా 6:1) పరిసయ్యులు కోతయు నూర్పిడియు చూచిరి. ప్రభువు వారి ఆకలిని చూచెను. దావీదు ఆకలిగొన్న కథను ఆయన వారికి జ్ఞాపకము చేసెను. భేదమంతయు అక్కడ నున్నది.

అయినను ఆ శాస్త్రులే ఆకలిని చూచిన చోటులు గలవు. పులియని రొట్టెల పండుగకును పర్ణశాలల పండుగకును మొదటి దినమునకు కడపటి దినమునకు నడుమ నున్న దినములలో పని కూడదని లేఖనము తేటగా చెప్పదు. తల్మూదులో ఎన్నో వచనములు త్రిప్పి చూచి, చివరకు ఆ నిర్ణయమును లేఖనము జ్ఞానులకే అప్పగించినదని అనుకొనిరి. అప్పగింపబడిన అధికారముతో వారు చేసినదేమి? ‘మోయేద్ కాతాన్’ అను భాగపు మొదటి మాటయే నీటి పారుదలను గూర్చినది: తడి లేక ఎండిపోవు తోటకు ఊటనీళ్లు పారించవచ్చును, ఏతమెత్తి తోడరాదు. పంట నష్టపోరాదు, మనిషియు పండుగపూట నడుము విరుగునట్లు చాకిరి చేయరాదు. ఏతమెత్తిన తాతలుగల మనకు ఆ తీర్పులోని దయ సులభముగా తెలియును. అంతేకాదు, తినుటకు లేని కూలివానికి ఆ నడిమి దినములలో పని ఇచ్చుటకు వారు సెలవిచ్చిరి. ‘మెలెఖెత్ అవోదా’ అను మాటపై వారి వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయులు కారు. పదునొకండవ శతాబ్దపు రాషి దానిని మానినయెడల నష్టము వచ్చు పనియని చెప్పగా, పదుమూడవ శతాబ్దపు నహ్మానిదెసు ఆయాసకరమైన చాకిరియనియు, భోజనమువంటి సంతోషపు పని వేరనియు చెప్పెను. రెండవదానివైపే నా మనస్సు మొగ్గుచున్నది.

మన దేశములో ఈ కట్టడను బీదరికములో ఆచరించినవారు లేకపోలేదు. కొంకణ తీరపు బెనే ఇశ్రాయేలువారు హెబ్రీ భాషను మరచిరి, గ్రంథమును పోగొట్టుకొనిరి. అయినను గానుగ ఆడించి బ్రదుకుచు శనివారమున మాత్రము గానుగ కట్టలేదు. అందుచేత ఊరివారు వారికి శనివారపు తేలీలని పేరు పెట్టిరి. గానుగ వారిదే, ఎద్దు వారిదే, కనుక ఆపగలిగిరి. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయిమువారు గలరు. మాదిగ కుటుంబములలో పుట్టి, బాప్టిస్టు సంఘములలోనుండి 1980ల తరువాత యూదుల ఆచారములకు మరలిన తెలుగువారు వీరు. 2013లో యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. వీరి విశ్వాసమును గూర్చి ఇక్కడ తీర్పు చెప్పబోను. వీరిలో అనేకులు వ్యవసాయపు కూలీలు. గానుగ తనదైనవాడు ఆపుట వేరు. మరియొకని చేనిలో దినకూలికి వంగినవాడు శనివారము ఆపుట వేరు. వీనికి విశ్రాంతి దినమనగా కూలి లేని దినము.

ఆ గుంటూరు చేలే మనవారి చేలు కూడ. సంక్రాంతి దాటిన పిమ్మట ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములు మిరపకాయ కోతకు అక్కడికి వలసపోవుచున్నవి. మట్టలాదివారమునకును ఈస్టరునకును మన పల్లెలలో ముసలివారును పిల్లలును మిగులుట అందువలననే. అక్కడ ఆదివారము ఉన్నదో లేదో నిర్ణయించువాడు మేస్త్రీ. ఆ మేస్త్రీలలో మన సంఘస్థులు కూడ గలరు, పెద్దలుగా నున్నవారు కూడ గలరు. ఇంత వివరముగా వ్రాయుటకు కారణమిదే.

ఆదివారము యూదుల పండుగ కాదు, విశ్రాంతి దినమును కాదు. పండుగ విషయములోగాని విశ్రాంతి దినము విషయములోగాని ఎవడును మీకు తీర్పు తీర్చనియ్యకుడని పౌలు కొలొస్సయులకు (2:16) వ్రాసెను. దినములను గూర్చి ఎవని మనస్సులో వాడు రూఢిపరచుకొనవలెనని రోమీయులకు (14:5) వ్రాసెను. త్రోయలో విశ్వాసులు రొట్టె విరుచుటకు కూడినది రాత్రివేళ (అపొ. 20:7). పగలంతయు వారిలో దాసులు దాసత్వములోనే యుండిరేమో. ఆదివారము సెలవుదినమగుట క్రీ.శ. 321లో కొన్‌స్టంటైను చక్రవర్తి చట్టముతో వచ్చినది. ఆ చట్టము పట్టణములలో న్యాయస్థానములను, పనిశాలలను మూయించి, పల్లెలలో సేద్యగాండ్రను విడిచిపెట్టెను. విత్తుటకు తగిన దినము తప్పిపోవునేమో అని దానిలో కారణము చెప్పబడినది. పదును విలువ చక్రవర్తికి తెలిసియుండెను!

అది చదివినప్పుడు మొదట నాకు సంతోషము కలిగెను. పిమ్మట నిర్గమకాండము 34:21 అడ్డుపడెను. దున్నుకాలమున గాని కోతకాలమున గాని ఏడవ దినమున విశ్రమింపవలసినదేయని అక్కడ నున్నది. మోషే పదునుకుకూడ లోబడలేదు. ఏల? చక్రవర్తి చట్టము చేనుగలవాని నష్టమును తలంచినది. చేనిలోని దాసుడు దానికి కనబడలేదు. మోషేకు వాడే మొదట కనబడెను. పదును పేరు చెప్పి దాసుని విశ్రాంతి తీసివేయు యజమానుడు ప్రతి కాలమునను ఉండునని ఆయన ఎరుగును. కాబట్టి రెండెకరములు తన రెక్కలతో విత్తుకొనువాని విషయము ఒకటి. ఆదివారము ఇరువదిమంది కూలీలను పిలుచువాని విషయము మరియొకటి. మొదటివానిని అతని మనస్సాక్షికి విడిచిపెట్టుట పౌలు మాటకు లోబడుటయే. రెండవవానితో ధర్మశాస్త్రము మాటలాడుచున్నది. నెహెమ్యాకూడ (13:17) విశ్రాంతి దినము చెడినప్పుడు గద్దించినది యూదా పెద్దలను. ఆమోసు (8:5) గద్దించినది పండుగ ఎప్పుడు తీరునా, కొలత తగ్గించి ధాన్యము ఎప్పుడు అమ్ముదుమా అని వేచియున్న వర్తకులను. యెషయా 58వ అధ్యాయము ఉపవాసదినమున పనివారిని పీడించువారిని గద్దించుచున్నది; యూదులు తమ ప్రాయశ్చిత్త దినమున సమాజములో ఆ అధ్యాయమునే చదువుదురు. కట్టెలేరినవాని కథయొక్కటే జ్ఞాపకముంచుకొని వీటినన్నిటిని మరచుట ఎట్లు సాధ్యమాయెనో నాకు తెలియకున్నది.

ఇప్పుడు బోధకుడు గ్రంథము మూసిన చోటికి వత్తము. 21వ వచనములో పెంతెకొస్తునాడు జీవనోపాధియైన పని కూడదు. 22వ వచనములో ఏమున్నది? పంట కోయునప్పుడు పొలము అంచులవరకు కోయరాదు, రాలిన పరిగెను ఏరుకొనరాదు, వాటిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెను. పండుగల పట్టీ నడుమ పొలమును గూర్చిన ఈ మాట ఏల వచ్చెనని వ్యాఖ్యాతలు తలలు పట్టుకొనిరి. కూలిబ్రదుకు ఎరిగినవానికి అంత కష్టము లేదనుకొందును. పని మానుమని చెప్పినవాడే ఆ దినపు కూడు ఎక్కడనుండి వచ్చునో వెంటనే చెప్పుచున్నాడు. అరణ్యములోను ఏడవ దినమున మన్నా కురియకముందే ఆరవ దినమున రెండంతలు కురిసెను (నిర్గమ. 16). యూదులు పెంతెకొస్తునాడు రూతు గ్రంథము చదువుదురు. పరదేశియైన విధవరాలు పరిగె ఏరుకొను కథ అది. బోయజు తన పనివారితో ఆమెకొరకు పిడికెళ్లు కావలెనని విడువుమని చెప్పెను. ఆమెను అవమానపరచవద్దని కూడ చెప్పెను.

మన ప్రాంతములో బుడ్డలు పెరికిన చేనిలో మిగిలిన కాయను బీదవారు త్రవ్వుకొనుట వాడుకయే. కొందరు ఆసాములు దానికి కూడ వాటా అడుగుచున్నారు.

ఆ విధవరాలు పిమ్మట రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదని వింటిని. సంఘపు పెద్దలు కొందరు కూడి విత్తనపు వారములలో రాత్రికూటము పెట్టుటకు నిర్ణయించిరి. ఆమె దానికి వచ్చుచున్నది. కూలీలను పిలుచు ఆసాములతోను, సంక్రాంతికి బయానా తీసికొను మేస్త్రీలతోను ఆదివారమును గూర్చి మాటలాడవలెనని కూడ ఆ సభలో ఒకరు లేచి చెప్పిరి. అది రాబోవు సభకు వాయిదా వేయబడినది.